పదమూడో రోజు గుడ్లు

జూన్ 4, బుధవారం

మేనేజర్ల శిక్షణకు వెళ్ళిన వాళ్ళందరికీ ఈ నోటుపుస్తకం ఇచ్చారు. అట్ట మీద కొండెక్కుతున్న మనిషి బొమ్మ. రోజూ రాయాలట. "ఎవరికీ చూపించక్కర్లేదు, మీకోసం మీరు రాసుకోండి. నలుగురిని నడిపించేవాడు ముందు తనమీద తాను పెట్టుబడి పెట్టుకోవాలి" అన్నాడు శిక్షకుడు. ఆయన మాట బాగుంటుంది. వింటున్నంతసేపూ నేను కూడా ఏదో అయిపోతాననిపిస్తుంది.

గుడ్లు పొదిగించే ఈ హేచరీకి మేనేజరునై ఆరు నెలలు. అంతకుముందు పదకొండేళ్ళు ఇక్కడే ట్రేలు మోశాను, కోడిపిల్లలకు టీకాలు వేశాను, మిషన్ల వేడి రీడింగులు రాశాను. పని నేర్పింది జనరేటర్ బాబాయి. అప్పుడు నన్ను "ఒరే అబ్బాయ్" అనేవాడు. ఇప్పుడు "సార్" అంటాడు. వద్దని నేను అనలేదు.

మూడో మిషనులో గుడ్లు పెట్టి ఈరోజుకు తొమ్మిది రోజులు. పందొమ్మిది వేల రెండు వందల గుడ్లు. ఇరవై ఒకటో రోజుకు పిల్లలవ్వాలి. అంతా సవ్యంగా ఉంది.

జూన్ 6, శుక్రవారం

వచ్చే బుధవారం శిక్షణలో ఒక్కొక్కరూ అయిదు నిమిషాలు మాట్లాడాలి. "నేను చేసిన తప్పు, అది నేర్పిన పాఠం." రెండు రోజుల నుంచి వెతుకుతున్నాను. చెప్పుకోదగ్గ తప్పు దొరకడం లేదు. చిన్నదైతే నవ్వుతారు. పెద్దదైతే ఓనరు చెవిన పడుతుంది.

మా ఆవిడని అడిగాను.

"నేను చేసిన తప్పు ఒకటి చెప్పు."

"ముందు భోంచెయ్యండి."

"భోజనానికీ దీనికీ ఏంటి?"

"మొదలుపెడితే మధ్యలో లేవడం కుదరదు మరి" అంది.

చివరికి ఒకటి దొరికింది. పనివాళ్ళతో మరీ మెత్తగా ఉండటం. తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, మంచివాడినని చెప్పుకున్నట్టూ ఉంటుంది.

జూన్ 8, ఆదివారం

విశేషం లేదు.

జూన్ 9, సోమవారం

నిన్న విశేషం లేదని రాశాను. చిన్నది ఒకటి ఉంది.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. బాబాయి జనరేటర్ వేసి, మిషన్లకు కరెంటు మార్చి, డీజిలు తేవడానికి వెళ్ళాడు. నేనే పంపాను. ఆదివారం మనుషులు తక్కువ. బాబాయి, నేను, గేటు దగ్గర వాచ్‌మన్, అంతే. కరెంటు మార్చినప్పుడు మూడో మిషను స్విచ్ పడిపోయింది, లోపల ఫ్యాను తిరగలేదు. అలారం మోగింది. వెళ్ళి స్విచ్ ఎత్తాను. తిరిగింది. ఓ పది నిమిషాలు ఆగి ఉంటుంది.

ఫ్యాను ఆగితే లోపల వేడి పెరుగుతుంది గానీ, పది నిమిషాలకు గుడ్లకేమీ కాదు.

రిజిస్టరులో మూడు, నాలుగు గంటల రీడింగులు ఖాళీగా ఉంటే నేనే నింపాను. మామూలుగా ఎంత ఉంటుందో అంతే, తొంభై తొమ్మిదిన్నర డిగ్రీలు. ఆదివారం రీడింగులు బాబాయివి కాబట్టి సాయంత్రం ఆయన సంతకం పెట్టాడు. ఎవరు నింపినా డ్యూటీలో ఉన్న మనిషి సంతకం పెట్టడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. నేను ట్రేలు మోసే రోజుల్లో నా గళ్ళు ఎందరో నింపారు. నేను చూడకుండానే సంతకం పెట్టేవాడిని.

జూన్ 11, బుధవారం

మాట్లాడాను. బాగా వచ్చింది.

నాకు ముందు ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు మాట్లాడాడు. బెల్టు ఆపకుండా తుడవమన్నాడట. ఒకామె రెండు వేళ్ళు పోయాయి. అంతవరకు చెప్పి ఆగిపోయాడు. పాఠం ఏమిటో చెప్పలేదు. వెళ్ళి కూర్చున్నాడు. తర్వాత నా వంతు. మెత్తదనం గురించి చెప్పాను, ఇకముందు గట్టిగా ఉంటానని చెప్పాను. నాకు చప్పట్లు ఎక్కువ పడ్డాయి. "తప్పు ఒప్పుకోవడానికి గుండె కావాలి" అన్నాడు శిక్షకుడు నా భుజం తట్టి.

టీ దగ్గర ఆ సూపర్‌వైజరు నా పక్కన నిలబడ్డాడు.

"బాగా చెప్పారండీ. ముందే తయారై వచ్చారా?"

వెటకారం కాదు. తెలుసుకుందామనే అడిగాడు.

"ఆదివారం చూసుకున్నాను" అన్నాను. ఆ మాట అన్నాక టీ తాగలేకపోయాను.

జూన్ 12, గురువారం

ఆదివారం సంగతి మళ్ళీ రాయాలి. పది నిమిషాలు కాదు. అరగంట అనుకోవచ్చు.

అలారం మోగినప్పుడు ఆఫీసు గదిలో అద్దం ముందు నిలబడి ఉన్నాను. ఆ అయిదు నిమిషాల మాటలు చెప్పి చూసుకుంటున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. జేబులో పెడితే పొగరుగా ఉంది, ముందు కట్టుకుంటే జీతం పెంచమని అడుగుతున్నట్టుంది. ఆ గోలలో ఇది. బయటికొచ్చి అలారం ఆపే బటన్ నొక్కి మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఇది ఒక్కసారి పూర్తిగా చెప్పేసి వద్దామనుకున్నాను.

ఆ బటన్ నొక్కితే, మళ్ళీ మనం పెట్టేదాకా అలారం అరవదు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజు నేను చెప్పేది అదే.

జూన్ 13, శుక్రవారం

పద్దెనిమిదో రోజు. గుడ్లను మిషనులోంచి తీసి, పిల్లలు బయటికొచ్చే పెట్టెల్లోకి మార్చాం. మార్చేటప్పుడు లైటక్క ఒక్కో ట్రే కింద దీపం పెట్టి చూస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా వినపడదు.

ఐదారు ట్రేలు చూసి ఆగింది.

"సార్, ఒకసారి ఇటు రండి. ఇవి కదలడం లేదు."

"నిద్రపోతున్నాయేమో అక్కా, మా ఆయనలాగా" అంది ట్రేలు అందిస్తున్న ఒకామె. అందరూ నవ్వారు. లైటక్క నవ్వలేదు.

"లైటు మందంగా ఉందేమో" అన్నాను.

"లైటు బాగానే ఉందండీ" అంది. నావైపు చూడలేదు. ఇంకో ట్రే లాక్కుంది.

జూన్ 14, శనివారం

సోమవారం దాకా తెలీదు. కొన్ని బ్యాచ్‌లు అలాగే భయపెట్టి బాగానే వస్తాయి.

జూన్ 15, ఆదివారం

కొన్ని బ్యాచ్‌లు అలాగే భయపెడతాయి.

జూన్ 16, సోమవారం

పదహారు వేలు రావాలి. తొమ్మిది వేల మూడు వందల నలభై వచ్చాయి.

ఓనరు వచ్చాడు. పొద్దున్నే వచ్చి, కుర్చీ వేస్తే కూర్చోలేదు. పిల్లలు రాని గుడ్లు ట్రేలలో అలాగే ఉన్నాయి. "పగలగొట్టి చూడండి" అన్నాడు. మా పనిలో ఇది పోస్టుమార్టం లాంటిది. లోపల పిల్ల ఎంతవరకు తయారైందో చూస్తే ఏ రోజు ఆగిపోయిందో తెలుస్తుంది.

లైటక్క ముక్కాలిపీట మీద కూర్చుని గుడ్డు తర్వాత గుడ్డు కొట్టింది. ఒకటి ఓనరుకు చూపించింది.

"చూడండి. ఒంటినిండా నూగు వచ్చేసింది. గోళ్ళు వచ్చాయి. తల మాత్రం ఇంకా గుడ్డు లావుగా ఉండే వైపుకు తిప్పుకోలేదు. పద్నాలుగో రోజు తిప్పుకుంటుంది. అంటే పదమూడు."

మరొకటి కొట్టింది. "ఇదీ పదమూడే."

ఇంకొకటి. "పదమూడు."

అరవై గుడ్లు కొట్టింది. రెండో మూడో తప్ప అన్నీ ఒకే ఈడువి. వరసగా పళ్ళెంలో పెట్టింది. నేను ఆ పళ్ళేన్ని చూడకుండా ఆమె చేతులు చూస్తూ నిలబడ్డాను.

ఓనరు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "మే ఇరవై ఆరున పెట్టాం. పదమూడో రోజంటే ఎనిమిది. ఆదివారం. రిజిస్టరు తీసుకురా."

నేనే తెచ్చి ఇచ్చాను.

"మూడు గంటలకు తొంభై తొమ్మిదిన్నర. నాలుగింటికి తొంభై తొమ్మిదిన్నర. గుడ్లు చచ్చాయి గానీ రిజిస్టరు మాత్రం బతికే ఉంది. ఎవరిదయ్యా ఈ సంతకం?"

బాబాయిని పిలిచారు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పళ్ళెం చూశాడు. కరెంటు పోయిన సంగతి ఆయనే చెప్పాడు.

"జనరేటర్ వేసి కరెంటు మార్చి వెంటనే డీజిలుకు వెళ్ళానండీ. దగ్గర బంకు మూసి ఉంటే దూరం వెళ్ళాను. మూడో మిషను ఫ్యాను అందుకుందో లేదో చూశానా అంటే... చూసినట్టు గుర్తు లేదండీ."

"మరి అలారం మోగలేదా?"

అందరూ నన్ను చూశారు. ఆ రోజు అక్కడ ఉన్నది నేను కదా.

"మోగి ఉంటే వినపడేది" అన్నాను.

అది అబద్ధం కాదు. మోగి ఉంటే అన్నాను.

"అయితే అలారం బ్యాటరీ అయిపోయుంటుంది. బ్యాటరీ చూసేది నువ్వేగా?" అన్నాడు ఓనరు బాబాయితో.

"నేనేనండీ."

"ఫ్యాను చూడలేదు, బ్యాటరీ చూడలేదు, ఊళ్ళు తిరిగొచ్చి రీడింగులు మాత్రం రాశావు. అంతేనా?"

బాబాయి రిజిస్టరు వైపు చూశాడు. అంకెలు నావని తెలుసు. పదకొండేళ్ళుగా నా చేతిరాత చూస్తున్నవాడు. తర్వాత నన్ను చూశాడు.

"సంతకం నాదేనండీ" అన్నాడు.

జూన్ 17, మంగళవారం

బాబాయిని పనిలోంచి తీసేశారు. చెప్పమని నాతోనే అన్నారు. చెప్పాను. జనరేటర్ గది తాళాలు, స్పానర్ల పెట్టె ఇచ్చాడు. బల్బు మార్చేటప్పుడు కుర్చీ వాడొద్దు, దాని కాలు వదులుగా ఉంది అన్నాడు.

గంట అనుకుందాం. అరగంట కాదు, గంట.

జూన్ 18, బుధవారం

ఓనరు ఫోను చేశాడు. "ఇంతకుముందు నువ్వు మెత్తటి మనిషివి. నిన్న గట్టిగా నిలబడ్డావు. ఆ శిక్షణ పనిచేసినట్టుంది" అన్నాడు.

జూన్ 20, శుక్రవారం

మా ఆవిడకు సంతలో బాబాయి భార్య కనిపించిందట.

"చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయిందండీ. మన పెద్దది పుట్టినప్పుడు పురిటికి పది రోజులు మనింట్లో ఉండి చేసిన మనిషి. బాబాయిని తీసేశారని నాకు చెప్పనే లేదేంటి?"

చెప్పాను. మొదటిసారి నోటితో చెప్పాను.

"ఎంతసేపు ఆగింది ఫ్యాను?"

"గంట."

"నిజం చెప్పండి."

రెండూ అయిదు నుంచి నాలుగుంపావు దాకా. రెండు గంటల పది నిమిషాలు. ఆఖరికి వెళ్ళి చూసేసరికి లోపల నూట ఆరు ఉంది. తలుపు తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. అప్పటికే ఏం జరిగిందో నాకు తెలుసు. మొదటిరోజు నుంచీ నాకు తెలుసు. ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాసుకున్నాను. దీన్ని చదివేది నేనొక్కడినే అయినా.

ఆమె చాలాసేపు బట్టలు మడతపెట్టింది.

"అద్దం ముందు రెండు గంటలు" అంది. "పెళ్ళిచూపులకు కూడా అంతసేపు తయారవలేదు మీరు."

నవ్వుతుందేమోనని చూశాను. మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 21, శనివారం

ఓనరు ఇంటికి వెళ్ళాను. దారిలో నాలుగు వాక్యాలు అనుకున్నాను. వెళ్ళాక ఒకటే వచ్చింది.

"ఆ తప్పు బాబాయిది కాదండీ, నాది."

ఆయన పేపరు పక్కన పెట్టి నన్ను చూశాడు. నవ్వాడు.

"నువ్వు ఇలా వస్తావని అనుకుంటూనే ఉన్నాను."

"నిజంగా నాదేనండీ. నేను..."

"ఆగు. కింద పనివాడి తప్పు మేనేజరు తన నెత్తిన వేసుకోవడం అందరివల్లా కాదు. నీకు పని నేర్పినవాడు కదా, ఆ మాత్రం ఉంటుంది. నాకూ ఆ మనిషంటే కోపం లేదు. నువ్వు పూచీ ఉంటానంటే సోమవారం నుంచి రమ్మను."

"అలా కాదండీ" అన్నాను.

"చాల్లే, టీ తాగు" అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. అలారం నేనే ఆపానని ఆరు మాటలు కూడా పట్టవు. టీ వచ్చింది. వేడిగా ఉంది. తాగాను. అడిగింది దొరికింది కదా, ఇంకెందుకని తాగుతూ అనుకున్నాను. గేటు దాటాక తెలిసింది, నేను అడిగింది అది కాదని.

జూన్ 23, సోమవారం

బాబాయి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. నేరుగా ఆఫీసు గదికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తప్పు నామీద వెయ్యకుండా మీమీద వేసుకున్నారట సార్. ఓనరు గారు చెప్పారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?"

రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నాకంటే పాతికేళ్ళు పెద్దవాడు.

"సరే బాబాయ్, పని చూడు" అన్నాను. అంతకంటే గొంతు రాలేదు. రాలేదని రాస్తున్నాను గానీ, రానివ్వలేదు.

బయట ట్రేలు కడిగేవాళ్ళు అనుకోవడం వినపడింది. "మేనేజరంటే అలా ఉండాలి." లైటక్క మాత్రం, "కడగండమ్మా, కోడిగుడ్డు మీద ఈకలు తర్వాత పీకుదురు" అంది.

జూన్ 24, మంగళవారం

ఈరోజు చెప్పాను.

జనరేటర్ గదికి వెళ్ళాను. బాబాయి అలారం బ్యాటరీ కిందికి దించి మూతలు విప్పి చూస్తున్నాడు. పక్కన రెండు సీసాల నీళ్ళు.

"బాబాయ్, ఆ ఆదివారం అలారం మోగింది."

తలెత్తలేదు. "మోగిందా?"

"మోగింది. నేనే ఆపాను. ఆపి మర్చిపోలేదు, తర్వాత చూద్దామనుకున్నాను. రెండు గంటల పది నిమిషాలు."

"అయితే బ్యాటరీ బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

మూత బిగించబోతూ ఆగాడు. నేల మీదే చతికిలబడ్డాడు.

"వారం నుంచి ఈ బ్యాటరీయేరా నాకు" అన్నాడు. "నీళ్ళు ఎప్పుడు పోశాను, పోశానా లేదా అని. తింటుంటే అదే, నడుస్తుంటే అదే. పోసినట్టే గుర్తు. మరి పోస్తే మోగాలిగా? మోగలేదంటే పోయలేదు. అంటే గుర్తున్నదంతా తప్పు. ఇంక నా మాట నేనే నమ్మకూడదనుకున్నాను."

ఆరు నెలల తర్వాత నన్ను మళ్ళీ "ఏరా" అన్నట్టు పిలిచాడు. అది చనువు కాదు.

"క్షమించు బాబాయ్."

"పని పోతే ఇంకోటి చూసుకుంటాం. అది కాదు. మా అల్లుడికి వారం రోజుల పండగైంది. మామయ్యకు చెవులు పోయాయి, ఇంక బుర్ర కూడా పోయింది, ఇంటి తాళాలు చేతికివ్వకండి అని. మనవడిని బండి మీద ఎక్కించుకుంటానంటే మా అమ్మాయి వద్దంది. వద్దంటే నేను కూడా నిజమేలే అనుకున్నాను."

నేను నిలబడే ఉన్నాను.

"నిన్న నీకు దణ్ణం పెట్టానురా" అన్నాడు. "పెడుతుంటే చూస్తూ కూర్చున్నావు."



లేచి బ్యాటరీని ఎత్తి యథాస్థానంలో పెట్టాడు. వైర్లు బిగిస్తూ చెప్పాడు. "ముందు ఓనరుకు చెప్పు. ఈసారి అర్థమయ్యేలా చెప్పు. తర్వాత మా ఇంటికి రా. నేను చెప్తే నమ్మరు, నన్ను నేనే వెనకేసుకొస్తున్నాననుకుంటారు. నీ నోటితో చెప్పాలి."

జూన్ 25, బుధవారం

రిజిస్టరు పట్టుకుని వెళ్ళాను. మూడు, నాలుగు గంటల గళ్ళు అడ్డంగా కొట్టేసి, పక్కన ఉన్నది ఉన్నట్టు రాసి, కింద నా సంతకం పెట్టాను. ఓనరు ముందు ఉంచి, టీ వద్దని ముందే చెప్పి, మొదటినుంచి చెప్పాను. అద్దం సంగతి కూడా.

ఈసారి నవ్వలేదు. చివరిదాకా విన్నాడు.

"శనివారం చెప్పింది ఇదేనా?"

"చెప్పబోయానండీ."

"చెప్పబోయావు" అన్నాడు. "తాళాలు లైటక్కకిచ్చెయ్. ట్రేల పనిలో ఉంటానంటే ఉండు. ఉండనంటే నీ ఇష్టం."

ఉంటానన్నాను. ఇందులో గొప్పేమీ లేదు. వేరే పని రాదు.

శిక్షణ ఇంకో రెండు తరగతులు ఉంది. హేచరీ తరఫున లైటక్క వెళ్ళాలన్నారు. "అయిదు నిమిషాలు నేనేం మాట్లాడతానండీ, గుడ్లు కొట్టి చూపిస్తా" అందట.

జూన్ 26, గురువారం

సాయంత్రం పని దిగాక బాబాయి ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ తోడొస్తానంది. వద్దన్నాను. ఆమె ఉంటే నావైపు ఒకరున్నట్టు ఉంటుంది.

ముందు గదిలో అందరూ ఉన్నారు. బాబాయి చెప్పి ఉంచాడో ఏమో. అల్లుడు మంచం అంచున కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. బాబాయి కూతురు పిల్లవాడికి తల దువ్వుతోంది. పిన్ని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కుర్చీ ఎవరూ వెయ్యలేదు. బాబాయి కూడా వెయ్యలేదు.

"మేనేజరు గారు వచ్చారే" అన్నాడు అల్లుడు. "మామయ్య మళ్ళీ ఏం చేశాడండీ?"

"మేనేజరును కాను" అన్నాను. "ఆయన ఏమీ చెయ్యలేదు. మొదట కూడా చెయ్యలేదు."

చెప్పాను. ఓనరు దగ్గర చెప్పినంత సేపు పట్టలేదు. అలారం బాగానే మోగిందని, బ్యాటరీ బాగానే ఉందని, మోగితే నేను ఆపానని. ఎన్ని నిమిషాలో చెప్పాను. రిజిస్టరులో అంకెలు నావని చెప్పాను. ఇక్కడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించలేదు. ఎక్కడున్నాయో కూడా తెలీదు.

అల్లుడు ఫోను బోర్లా పెట్టాడు. కూతురి చేతిలో దువ్వెన పిల్లవాడి జుట్టులోనే ఆగిపోయింది. ఎవరో ఒకరు తిడితే బాగుండునని ఉంది. ఎవరూ తిట్టలేదు. అయిపోయిందనుకుని వెనక్కి తిరగబోయాను.

"ఆగరా" అన్నాడు బాబాయి. "మీ పిన్నికి ఆ వైపు చెవి వినపడదు. ఇటు పక్కకొచ్చి చెప్పు."

వెళ్ళి ఆమెకు కుడిపక్కన గోడవారగా కూర్చున్నాను. ఆమె తల నావైపు వంచింది.

మళ్ళీ మొదటినుంచి చెప్పాను, గట్టిగా.